పల్లపు చేలో అరవై అంగుళాలు

నేను ఒక టేపుని. దర్జీల మెడలో వేలాడే అరవై అంగుళాల పసుపుపచ్చ టేపుని. రెండు చివర్లా ఇత్తడి బిళ్ళలు, ఒక పక్క అంగుళాలు, రెండో పక్క సెంటీమీటర్లు. సెంటీమీటర్ల వైపు నన్ను ఇంతవరకూ ఎవరూ తిప్పి చూడలేదు కాబట్టి అటు వైపు ఇంకా పుట్టినప్పటి నిగనిగే ఉంది. అంగుళాల వైపు మాత్రం ముప్ఫై రెండు మొదలు నలభై రెండు దాకా అంకెలు అరిగిపోయాయి. అవే ఎందుకు అరిగాయో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

నన్ను చేసిన ఊరి పేరు నాకు తెలియదు. వేడి రబ్బరు వాసన, అంకెలు అచ్చుకొట్టే యంత్రం చప్పుడు, అంతే గుర్తు. పన్నెండు డజన్ల మంది తోబుట్టువులం ఒకే అట్టపెట్టెలో చుట్టలు చుట్టుకుని రైలెక్కాం. గోదావరి దాటాక ఒక చిన్న పట్నంలో నన్ను సన్యాసిరావు మాస్టారు కొన్నారు. ప్యాంట్లు కుట్టడంలో ఆయనకి చుట్టుపక్కల పేరు. ఆ కొట్లోనే నాకు మనుషుల సంగతి తెలిసింది. నన్ను నడుము చుట్టూ వేయగానే ప్రతివాడూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగేవాడు. మాస్టారు తొందరపడేవారు కాదు. నా రెండు కొసలూ పట్టుకుని వర్షాల గురించో, పెళ్ళి సంబంధాల గురించో కబుర్లు చెప్పేవారు. ఎంతసేపని బిగబడతాడు? ఊపిరి వదిలిన క్షణంలో అసలు అంకె బయటపడేది. తరవాత, "ఓసారి కూర్చోండి బాబూ" అని కూర్చోబెట్టి మళ్ళీ కొలిచేవారు. నిలబడ్డ నడుము వేరు, కూర్చున్న నడుము వేరు అనేది ఆయన నేర్పిన మొదటి పాఠం.

ఆ పాఠం ఆయన దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వచ్చిన మంగతాయారుకి కూడా చెప్పారు. మాస్టారికి చూపు తగ్గి కొట్టు మూసేసిన రోజున నన్ను ఆమె చేతిలో పెట్టారు. అలా నేను పల్లెకి వచ్చాను.

తాయారు భర్త అబ్బులు నెమ్మదస్తుడు. ఎవరేమన్నా "సరే" అంటాడు, ఇద్దరు రెండు రకాలుగా అంటే రెండు సార్లు అంటాడు. అబ్బులు అన్నగారు గంగాధరం మాత్రం ఊళ్ళో గొంతున్న మనిషి. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో తాయారు బావగారి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఎరగదు. ఆయనకి కాదని చెప్పి అసలే ఎరగదు. ఆయన వస్తే కుట్టుమిషను ఆపి, నన్ను మెడలోంచి తీసి, గుమ్మం పక్కన నిలబడేది.

ఈ కథంతా ఆ గుమ్మం దగ్గరే మొదలైంది.

ఊరికి దక్షిణాన రోడ్డు దిగితే పంట బోదె, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలవ. దాని మీద ఒక సిమెంటు పలక. పలక దాటితే పల్లపు చేలు. తాయారు నాయకురాలిగా ఉన్న మహిళా సంఘంలో పదకొండు మంది, వాళ్ళందరి చేలూ అక్కడే. మొత్తం పద్నాలుగెకరాలు, ముప్ఫై చిల్లర ముక్కలు. కాలవ వదలగానే దమ్ము చెయ్యాలి, అంటే నీళ్ళు పెట్టి బురదగా కలియదున్నాలి. అద్దె ట్రాక్టర్లవాళ్ళు పెద్ద చేలన్నీ చేసుకుని, ఆఖరున ఇటు వచ్చేవారు. కిందటేడు నూకాలమ్మ చేనుకి ట్రాక్టరు వచ్చేసరికి నారు నలభై అయిదు రోజులది అయిపోయింది. ముదిరిన నారు నాటింది, పంట వెనకబడింది, కోతకి ముందు తుపానొచ్చి పరుచుకుపోయింది. నూకాలమ్మకి ఆ ముప్పావు ఎకరం తప్ప ఇంకో ఆధారం లేదు.

ఈ ఏడు సంఘానికి సొంత ట్రాక్టరు మంజూరైంది. ఏ సైజు కావాలో తీర్మానం రాసి శనివారంలోగా ఇమ్మన్నారు. నారుకి అప్పటికే పదిహేను రోజులు. ఈ కబురు వినగానే గంగాధరం గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"యాభై అయిదు గుర్రాల బలంది రాయించమ్మా తాయారూ. నే చూసొచ్చాను. టైరే నీ భుజాలదాకా ఉంది."

"మన చేలు చిన్నవి కదండీ బావగారూ," అంది తాయారు గుమ్మం పక్కనుంచి.

"చేలు చిన్నవైతే మనం కూడా చిన్నోళ్ళమా? సంఘం పేరున ఏనుగొస్తుంటే మేకపిల్లని తోలుకొస్తారా? ఎదురూరోళ్ళు నవ్వుతారు. ఏరా అబ్బులూ?"

"సరే అన్నయ్యా," అన్నాడు అబ్బులు.

నాకు అప్పుడొక విచిత్రం తోచింది. నా కొట్టు జీవితంలో మనుషులందరూ నన్ను చిన్న అంకె చెప్పమని బతిమాలినవాళ్ళే. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి అదే మనుషులు పెద్ద అంకె కావాలంటారు. రెండు సందర్భాల్లోనూ ఉన్నదున్నట్టు మాత్రం వద్దు.

గంగాధరం గారి తాపత్రయానికి కారణం లేకపోలేదు. ఆయన దగ్గర ఇటుకలు తోలే పెద్ద తొట్టి ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని లాగడానికి చిన్న ట్రాక్టరు పనికిరాదు. ఆయన భార్య సుభద్ర కూడా సంఘంలో మనిషే. తోటికోడలు నొచ్చుకుంటుందని ఆ మాట అనలేక తాయారు కళ్ళు దించుకుంది. ఆయన వెళ్ళాక నన్ను మెడలో వేసుకుని, కొడవలి పట్టుకున్నట్టు నా కొస పట్టుకుని చేలవైపు నడిచింది.

ఆ పూటంతా నాకు పనే పని. బోదె మీది పలక వెడల్పు నా నిండా ఒకసారి, మళ్ళీ రెండంగుళాలు; అంటే అరవై రెండు. చేలలోకి వెళ్ళే దారి ఇరుకైన చోట అరవై ఎనిమిది. ఆ పక్కరోజు బస్సెక్కి షోరూముకి వెళ్ళాం. తాయారు పెద్ద ట్రాక్టరు వెనక టైర్ల దగ్గర వంగి నన్ను పరిచింది. డెబ్భై నాలుగు. ఇరవై నాలుగు గుర్రాల చిన్నదాన్ని కొలిచింది. నలభై నాలుగు.

షోరూము తరఫున ఏసుపాదం అనే ఆయన వెనకే తిరుగుతున్నాడు. మెడలో టై, నోట్లో తేనె. "మేడమ్ గారూ, అందరూ పవరెంత, మైలేజెంత అని అడుగుతారండి. టేపెట్టి కొలిచిన కస్టమరు మీరేనండి."

"ఏం, కొలతలు లేకుండా ఎలా ఇస్తారండీ? వెనకాల తగిలించే రోటవేటరు వెడల్పెంత?"

"దీనికి నాలుగడుగులదండి."

"నలభై ఎనిమిది. టైర్లు నలభై నాలుగు. అయితే టైరు తొక్కిన గాడిని రోటవేటరే కలిపేస్తుంది. గాడులు మిగలవు." తాయారు లెక్క నాకే ముచ్చటేసింది. జాకెట్టుకి చేతులు ఎంత లూజు వదలాలో చూసినంత శ్రద్ధగా చూసింది. గురువారం రెండు ట్రాక్టర్లనూ ఊళ్ళోకి తెచ్చి చూపించమని చెప్పి వచ్చేశాం. "రోడ్డు పక్కన కాదండోయ్, పల్లంలో," అని రెండుసార్లు చెప్పింది.

గురువారానికి కాలవ వదిలారు. చేలన్నీ నిండాయి. పదకొండు మందీ, వాళ్ళతో పాటు పనీపాటా లేని ఊరంతా, గట్ల మీద నిలబడ్డారు. ముందుగా చిన్న ట్రాక్టరు గలగలమంటూ వచ్చింది, పలక దగ్గర ఆగిపోయింది.

దాని టైర్లకి రెండు వైపులా ఇనప దమ్ము చక్రాలు తగిలించి ఉన్నాయి. బురదలో దిగబడకుండా ఉండాలంటే అవి ఉండి తీరాలి. ఒక్కొక్కటీ పది అంగుళాలు బయటికి పొడుచుకొచ్చింది. నలభై నాలుగుకి ఇరవై కలిపితే అరవై నాలుగు. పలక అరవై రెండు.

తాయారు మొహం పాలిపోయింది. ట్రాక్టరుని షోరూములో నిలబెట్టి కొలిచింది. కూర్చోబెట్టి కొలవలేదు. మాస్టారు చూసుంటే ఏమనేవారో అని నేను ఆమె మెడలో ముడుచుకుపోయాను.

గంగాధరం గారి నవ్వు బోదె అవతలికి వినబడింది. "ఏమ్మా, రెండంగుళాలు కురచైందా? కుట్లిప్పి వదులు చేస్తావా?"

సంఘంలో ఇద్దరు ముగ్గురు మొహమొహాలు చూసుకున్నారు. "పెద్దదే రాయించుకుందాం తాయారొదినా, దానికైతే ఆయన చేలోంచి దారిస్తానంటున్నారుగా," అని ఎవరో నసిగారు. నిజమే. బోదె పక్కకి మళ్ళిపోయిన చోట గంగాధరం గారి చేను రోడ్డునానుకుని ఉంది, దాని అవతలి గట్టు దాటితే నూకాలమ్మ చేను. పెద్ద ట్రాక్టరుకి పలకతో పని లేదు.

తాయారు చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది.

"ఏసుపాదం గారూ, ఆ చక్రాలు ఇప్పించండి. బండి దాటాక అవతల బిగిద్దాం."

"ఇప్పటం, మొయ్యటం, బిగించటం, పూటైపోద్దమ్మా," అన్నారు గంగాధరం గారు. "ప్రతిరోజూ చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ దాటినట్టు ఉంటది మీ యవ్వారం."

"ప్రతిరోజూ ఎందుకండీ? ఒక్కసారి దాటిస్తే దమ్ములు అయ్యేదాకా బండి అవతలే ఉంటుంది. రాత్రి ఇంటికొచ్చి అన్నం తినాల్సిన పని దానికి లేదుగా."

గట్టు మీద నవ్వులు రేగాయి. నూకాలమ్మ చేతులు తిప్పుతూ ముందుకొచ్చింది. "నా పాకలో కట్టేసుకోండే. గేదె పోయినకాడ్నుంచీ ఖాళీగానే ఏడుస్తంది."

నలుగురు ఆడవాళ్ళు పట్టి చక్రాలు మోశారు. నలభై నిమిషాలు పట్టింది. చిన్న ట్రాక్టరు నూకాలమ్మ చేలోకి దిగి, ఆ ముప్పావు ఎకరంలో మూలమూలలా తిరిగి, గట్టు తగలకుండా మళ్ళి, గంటలో పాలబువ్వలా కలిపి బయటికొచ్చింది. పెద్ద రొద లేదు. చూసేవాళ్ళకి అందులో తమాషా ఏమీ కనిపించలేదు. చక్కగా జరిగే పనికి ఉండే లోపమే అది.

ఇక పెద్దదాని వంతు. గంగాధరం గారు తానే ఎక్కి కూర్చున్నారు. అప్పుడు తాయారు పొడుగాటి వెదురు కర్ర ఒకటి తెచ్చి, నన్ను దాని పొడుగునా పరిచి, జాకెట్లు కుట్టే దారంతో చుట్టి చుట్టి కట్టింది. నేను నిర్ఘాంతపోయాను. పట్టు గుడ్డలు తాకినదాన్ని. ఇంకో మాట అనుకునేలోపు నన్ను గంగాధరం గారి చేలో గుచ్చింది.

చల్లటి చీకటి. మెత్తటి బురద జారుతూ పోతోంది, పోతోంది, చివరికి ఇత్తడి బిళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. బురద కింద పరుచుకున్న గట్టి పొర. ఎన్ని తరాల ఎద్దుల డెక్కలు తొక్కి తొక్కి చేశాయో దాన్ని. దాని మీదే అందరూ నడుస్తారు, దాని మీదే నీళ్ళు నిలుస్తాయి. పైకి లాగి చూస్తే రోడ్డు పక్కన ఎనిమిది అంగుళాలు. చేను మధ్యలో పదకొండు. అవతలి గట్టు దగ్గర పదహారు, పైగా అక్కడ ఆ పొర మరీ పలచన, గట్టిగా పొడిస్తే కర్ర కొస దిగుతోంది.

తాయారు బురద కాళ్ళతో ట్రాక్టరుకి ఎదురుగా వచ్చి నిలబడింది. తలెత్తి, బావగారి మొహంలోకి చూసి మాట్లాడింది. నాకు తెలిసి అది మొదటిసారి.

"దిగొద్దు బావగారూ. ఈ బండి రెండు టన్నుల పైచిలుకు ఉంది. అవతలి మూల నేల మొయ్యదు. గట్టి పొర చిరిగితే దాన్ని నేను కుట్టలేను, ఇంకెవరూ కుట్టలేరు. అటు నుంచి నూకాలమ్మ పిన్ని చేలోకి అసలే వద్దు."

"జాకెట్టు కొలతల్తో యవసాయం నేర్పుతున్నావా నాకు?"

"అవునండి. దేనికైనా కొలత కొలతే."

నూకాలమ్మ వెళ్ళి తన చేను గట్టు మీద చాపేసినంత నిబ్బరంగా చతికిలబడింది. "నా చేలోకి రావాలంటే నా మీదుగా రా గంగాధరం. ఇక్కణ్ణుంచి లేవను." అబ్బులు నోరు తెరిచాడు. అందరూ "సరే" వినడానికి సిద్ధమయ్యారు. "అన్నయ్యా, తాయారు కొలిస్తే తప్పు పోదు... పలక సంగతి తప్పించి," అన్నాడు. పద్నాలుగేళ్ళ కాపరంలో ఆయన పలికిన పొడుగాటి వాక్యం అదే.

గంగాధరం గారు గేరు వేశారు. తన చేను, తన ఇష్టం. ఎనిమిది అంగుళాల లోతున్నంత మేర రాజులా వెళ్ళారు. పదకొండు దగ్గర ఇంజను గొంతు మారింది. పదహారు దగ్గర ట్రాక్టరు ముందుకి పోవడం మానేసి కిందికి పోవడం మొదలెట్టింది. టైర్లు తిరిగినకొద్దీ గొయ్యి లోతయ్యింది. భుజాలదాకా ఉన్న టైరు మోకాళ్ళదాకా వచ్చింది, ఆపైన అదీ కనిపించలేదు.

"మా మేనేజరు గారికి ఏం చెప్పనండీ బాబూ!" అని ఏసుపాదం టై ఊడదీసి మొహం తుడుచుకున్నాడు.

దాన్ని లాగడానికి ఎక్కణ్ణుంచో పొక్లెయిను తెప్పించారు. పెద్దదాన్ని బయటపడెయ్యడానికి ఇంకా పెద్దది. అది చేలోకి దిగబోతే ఈసారి గంగాధరం గారే రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపారు. రోడ్డు మీదే నిలబడి, ఇనప రోపు వేసి, పొద్దు వాలేదాకా లాగింది. ట్రాక్టరు బయటికొస్తూ తన కింద ఉన్నదంతా పెకలించుకుంటూ వచ్చింది. చేను మధ్య నుంచి అవతలి గట్టు దాకా నల్లటి గొయ్యి. ఎవరూ నవ్వలేదు. సుభద్ర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాయారు వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

శుక్రవారం తీర్మానం రాశారు. ఇరవై నాలుగు గుర్రాలది. పదకొండు సంతకాలూ పడ్డాయి. సుభద్ర సంతకం కాస్త వంకరగా ఉంది.

నేను మళ్ళీ కుట్టుమిషను దగ్గరికి వెళ్ళలేదు. ఎంత ఉతికినా ఆ బురద మరక పోలేదు, పెళ్ళికూతుళ్ళ భుజాల మీద ఇంక నన్నెవరు వేస్తారు? తాయారు సంతలో కొత్త టేపు కొనుక్కుంది. గులాబీ రంగుది, తెగ మిడిసిపడుతుంది. ట్రాక్టరు రాగానే నన్ను దాని పనిముట్ల పెట్టెలో పానాల పక్కన పెట్టారు. మొదట్లో చిన్నతనంగానే అనిపించింది. కానీ ఇక్కడ ఊపిరి బిగబట్టేవాళ్ళు లేరు. నేల పొట్ట లోపలికి లాక్కోదు. గుచ్చితే ఉన్న లోతు ఉన్నట్టు చెబుతుంది. ప్రతి చేలోనూ బండి దిగే ముందు నన్ను కర్రకి కట్టి దించేవారు, పన్నెండు దాటిన చోట బండిని ఆ మూలకి పోనివ్వకుండా అంతవరకూ మనుషులే పారలతో కలిపేవారు. ఆలస్యమని ఒకరిద్దరు గొణిగారు. తాయారు వినలేదు. తొమ్మిది రోజుల్లో పది మంది చేలు పూర్తయ్యాయి. నూకాలమ్మ ఇరవై నాలుగు రోజుల నారు నాటింది, నాటుతూ ఊరి మీద ఉన్న సరసాలన్నీ ఆడింది.

పదో రోజు పొద్దున్నే గంగాధరం గారు నూకాలమ్మ పాక దగ్గరికి వచ్చారు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నారు. "పదకొండో వంతు మీ అక్క సుభద్రదేగా అమ్మా," అన్నారు.

"మీదేనండి. పదండి, ముందు కొలుద్దాం," అని తాయారు నన్ను కర్రకి కట్టింది.

రోడ్డు పక్కన తొమ్మిది. అక్కడిదాకా బండే చేస్తుందంది. పెద్ద ట్రాక్టరు పెకలించిన చోట నన్ను గుచ్చింది. పదహారు దాటాను. ఇరవై దాటాను. బిళ్ళకి ఏమీ తగలడం లేదు. ముప్ఫై ఒకటి దగ్గర ఏదో మెత్తగా అడ్డుపడింది, అదీ నమ్మకంగా కాదు.

"ఈ చేను అవతలి గట్టు వైపు సగంలోకి మన బండి దిగదండి," అంది తాయారు.

"అదేంటమ్మా! మీ బండి చిన్నదేగా?"

"మాకు చిన్నదేనండి. మీ చేనుకి ఇప్పుడు అదీ పెద్దదే. రెండు మూడు వేసంగులు ఎండి గట్టిపడేదాకా బరువైందేదీ దించకూడదు."

ఆయన ఆమె చేతిలోంచి కర్ర తీసుకున్నారు. పంచె ఎగ్గట్టి దిగి, ఒక గజం అవతల తానే గుచ్చారు. బతిమాలుతున్నట్టే చూశారు నా వైపు. పైకి తీసి వేలితో బురద తుడిచి చదివారు. ముప్ఫై రెండు. ఇంకో గజం అవతల ముప్ఫై. నేను పొట్ట బిగబట్టే మనుషుల దగ్గర ఎన్నేళ్ళు పనిచేశానో గుర్తొచ్చింది. ఇదిగో, ఈయన ఊపిరి వదిలారు.

"మరి నారు ముదిరిపోద్ది కదమ్మా. ఏం దిగుద్ది ఇందులోకి?"

"పవర్ టిల్లరు దిగుతుందండి. దాని మీద కూర్చోడానికి ఉండదు. వెనకాల నడవాలి. ఆదివారందాకా అద్దెకి మాట్లాడి ఉంచాను."

గంగాధరం గారు కర్ర తాయారు చేతికిచ్చారు. తరవాత బోదె మీది పలక వైపు చూశారు.

"రోడ్డు వాలులోంచి దాన్ని నడిపించి దించలేం. పలక మీంచి దాటుతుందా? దాని వెడల్పు ఎంతుంటదమ్మా?"

"కొలిచి చూద్దాం పదండి," అని తాయారు నన్ను కర్ర మీంచి విప్పడం మొదలుపెట్టింది.